సున్నా దగ్గర మనిషి

గొంతు దాకా వచ్చి ఆగిపోయిన మాటకి కూడా కదలిక ఉంటుందని మొదట గమనించింది హైమ, దాని విలువ కనిపెట్టింది ఆమె అన్నయ్య సింహాద్రి. అదైనా వెతికి పట్టుకున్నది కాదు. వేరే పని మీద పోతుంటే కాలికి తగిలింది.

విశాఖపట్నం చేపల రేవులో ఐస్ ఫ్యాక్టరీ మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకుని, అన్నాచెల్లెళ్లిద్దరూ మరబోట్లకి పరికరాలు తయారు చేసేవారు. బోటు ఇంజను మోతలో పక్కనున్నవాడు అరిచినా వినపడదు. అందుకని సింహాద్రి మెడకి కట్టుకునే పట్టీ ఒకటి చేశాడు. అది గాలిలోంచి కాకుండా గొంతు కండరాల కదలికలోంచే మాటను పట్టుకుని అవతలివాడి చెవిలో వేస్తుంది. దాన్ని మొదటిసారి బోటెక్కించిన రోజున హైమ కూడా బోటు మీదే తెర ముందు కూర్చుని గీతలు చూస్తోంది. వల లాగుతున్న ఎర్రయ్య గీత ఉన్నట్టుండి పైకి లేచి, అంతలోనే పడిపోయింది. చెవిలో మాత్రం ఏమీ వినపడలేదు.

"ఎర్రయ్యా, ఏమన్నావు?" అని అడిగింది.

"ఏటీ అన్నేదమ్మా."

"ఏదో అనబోయి మానేశావు."

ఎర్రయ్య చేతిలో తాడు ఆగిపోయింది. "ఓలమ్మో! నోరు ఇప్పనేదు గదా, నీకెలగ తెల్సిపోనాది?"

ఆ బోటు నడిపే సరంగు పేరు దేముడు. పేరు దేముడే గానీ, నోరు విప్పాడంటే రేవు రేవంతా చెవులు మూసుకోవాల్సిందే. అతను పడీ పడీ నవ్వాడు. "పెళ్లాన్ని తిట్టుకునుంటాడమ్మా, నీకు సెప్తాడేటి!" అన్నాడు. వల లాగే కళాసీలందరూ నవ్వారు. ఎప్పుడూ అందరికంటే ముందు నవ్వే సింహాద్రి మాత్రం నవ్వలేదు. చెల్లెలి భుజం మీదుగా వంగి, లేచి పడిన ఆ గీతనే చూస్తూ, "మింగేసిన మాటే ఇది" అన్నాడు.

అంతకు ముందు ఏడు అదే బోటులో పనిచేసే కుర్రాడొకడు ప్రాణం తీసుకున్నాడు. "నిన్న సాయంత్రం కూడా నవ్వుతూనే ఉన్నాడు" అని ఆ ఇంటి ముందు నిలబడ్డ పదిమందీ పదిసార్లు అన్నారు. సింహాద్రికి ఆ మాట ముల్లులా దిగిపోయి ఉంది. మగవాడు చెప్పుకోడు, ఎదుటివాడు అడగడు. అడిగినా "బాగే ఉన్నాను" అంటాడు. నోరు అబద్ధం ఆడుతుంది సరే, గొంతు కూడా ఆడగలదా?

ఆడలేదని తేలడానికి రెండేళ్లు పట్టింది. మనిషి ఏ మాట మింగాడో పట్టీకి తెలియదు. ఏదో పైకి వచ్చిందనీ, దాన్ని అణిచేశాడనీ మాత్రమే తెలుస్తుంది. రోజురోజుకీ ఆ మింగడం ఎక్కువైతే మేడ మీది తెరలో అతని పచ్చ దీపం పసుపు అవుతుంది, ఇంకా ముదిరితే ఎరుపు. తెర మీద పేర్లుండవు, దీపాలే. మరి పసుపు వెలిగితే ఎవరికి చెప్పాలి? దానికి దారి దేముడి బోటే చూపించింది. ఆ బోటులో ఒక ఆనవాయితీ ఉంది. ఒడ్డుకి రాగానే సరంగు ఒక్కొక్కణ్ణీ ఇంటిపేరుతో సహా గట్టిగా పిలుస్తాడు, వాడు "ఓయ్" అని పలకాలి. అందరూ పలికేదాకా జెట్టీకి తాడు కట్టరు. హైమ దాన్నే పట్టుకుంది. పట్టీ కట్టుకునే ప్రతివాడూ తనకి నమ్మకమైన ఒక మనిషిని చెప్పాలి. భార్యే కావచ్చు, బావమరిదే కావచ్చు. దీపం రంగు మారితే ఆ ఒక్క మనిషికే ఫోను వెళుతుంది. ఆ మనిషి వెంటనే వెళ్లి పలకరించాలి. రేవులో వాళ్లని పిలుపుమనుషులు అనడం మొదలుపెట్టారు.

అయితే యంత్రానికి ముందుగా ఒక సున్నా కావాలి. దిగులు లేని మనిషి కూడా రోజూ కొన్ని మాటలు మింగుతాడు కదా. ఆ మామూలు ఎంతో తెలిస్తేగాని మామూలు కానిది తెలియదు. అలాంటి మనిషి ఎవరా అని వెతుకులాడుతుంటే, "ఎవరో ఎందుకు? ఈ ఊళ్లో నిశ్చింతగా ఉన్నవాడంటే మా అన్నయ్యే" అంది హైమ. ఎవరూ కాదనలేదు. సింహాద్రి గుండ్రాయిలా ఉంటాడు. జలుబు చేసినవాణ్ణి కూడా నవ్వించి తుమ్ములు ఆపగలడు. వర్షాకాలం పొడుగునా మెడకి పట్టీ కట్టుకుని తిరిగాడు. అతని గీతనే సున్నాగా పెట్టారు. ఆ తర్వాత కూడా రోజూ పొద్దున్నే, టీ తాగేటప్పుడు, సున్నా సరిగ్గా ఉందో లేదో చూడాలంటూ కాసేపు పట్టీ కట్టుకునేవాడు.

యంత్రం పనిచేసింది. కొందరి దీపాలు పసుపయ్యాయి, పిలుపుమనుషులు పరుగెత్తారు. ఒక కళాసీ జెట్టీ మీదే తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చి, ఆ మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాడు. దేముడు రేవంతా స్వీట్లు పంచాడు. ఇల్లలకగానే పండగ కాదని అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

వేట నిషేధం రోజుల్లో, బోట్లన్నీ ఒడ్డున ఉండగా, ఎర్రయ్య ప్రాణం తీసుకోబోయాడు. సమయానికి భార్య చూసి కేకలు వేసింది కాబట్టి మనిషి దక్కాడు. మేడ మీది తెరలో ఒక్క దీపమైనా రంగు మారలేదు. ఎర్రయ్య పిలుపుమనిషికి ఫోనే వెళ్లలేదు.

*

పెద్దాసుపత్రిలో ఎర్రయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. హైమ స్టూలు లాక్కుని కూర్చుంది. ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూ వచ్చింది గానీ, అతని మెడ మీద పట్టీ కట్టుకున్న చోట నల్లగా మిగిలిన చార చూసేసరికి అవేవీ గుర్తు రాలేదు.

"పట్టీ తీసేశావా ఎర్రయ్యా, ఆ రోజుల్లో?"

"నేదమ్మా. ఒక్కనాడూ తియ్యనేదు." అతను ఇటు తిరగలేదు. "నానెలాగూ సెప్పుకోలేను. మిసనైనా సెప్తాదనుకున్నాను. రోజూ సూసుకునీవోణ్ణి, ఈ పొద్దు ఎవులైనా వొస్తారేమో అని."

హైమకి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

"నీ గీతలు విప్పి చూడనా? నువ్వు సరే అంటేనే."

"సూడమ్మా. ఏటి సూస్తావో సూడు. ఇంకోడికి ఇలగవ్వకండా సూడు."

వార్డు బయట, వాళ్లకి మొదటినుంచీ సలహాలిస్తున్న డాక్టరమ్మ కలిసింది. ఎర్రయ్యకి మందులు మొదలుపెట్టామనీ, కోలుకుంటాడనీ చెప్పింది. "ఒక్క సంగతి గుర్తు పెట్టుకో హైమా. నలిగిపోతున్న మనిషి ఉన్నట్టుండి తేలికపడ్డట్టు కనిపిస్తే హమ్మయ్య అనుకోకూడదు. అప్పుడే దగ్గరుండాలి. ఎర్రయ్య కూడా రెండు రోజుల ముందు నుంచీ చాలా కులాసాగా ఉన్నాడట" అంది.

హైమ తిరిగి వచ్చేసరికి సింహాద్రి మేడ మీద తీగలు చుడుతున్నాడు.

"మూసేద్దామే" అన్నాడు, తల ఎత్తకుండా. "ఫోను రాలేదు కదా అని ఎర్రయ్య వాళ్లంతా నిశ్చింతగా ఉన్నారు. మన మిషనే లేకపోతే కనీసం అనుమానమైనా పడేవాళ్లు. మనమే వాడి నోరు మూయించేం."

"తప్పెక్కడుందో చూడకుండా ఎలా మూసేస్తాం?"

"నువ్వు చూడు. ఇదిగో తాళాలు. ఏ పెట్టెలో ఏముందో నీకు చెప్పేను కదా, చెప్పనిదేమైనా ఉంటే ఇప్పుడే అడుగు." తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఎప్పటిలాగే నవ్వాడు. "ఇంక నువ్వే పెద్ద సైంటిస్టువి. నేను రిటైరు."

హైమకి కోపం వచ్చింది. ఆమె పట్టు పట్టిందంటే ఉడుము పట్టేనని ఇంట్లో అందరికీ తెలుసు. తాళాలు తీసుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి అన్నయ్య ఇంటికి వెళ్లింది. సింహాద్రి లేడు. వదిన నూకరత్నం చేపల పులుసు వడ్డిస్తూ, ఆడపడుచు మొహం చూసి, "మీరిద్దరూ మళ్లీ దెబ్బలాడుకున్నారేటి?" అంది.

"దుకాణం మూసేద్దాం అంటున్నాడొదినా."

"పోనీలే, మూసేయనీ. ఎర్రయ్య సంగతి తెలిసిన రోజు అన్నం ముట్టలేదు. ఇప్పుడు నయం, ఎంత నెమ్మదిగా ఉంటున్నారో! బీరువా సర్దేరు. మావయ్యగారి రేడియో ఉంది చూడు, ఎవర్నీ ముట్టుకోనివ్వరు కదా, దాన్ని పక్కింటి మాస్టారికి ఇచ్చేశారు. నిన్న నన్ను కూచోబెట్టి గ్యాస్ ఎలా బుక్ చెయ్యాలో నేర్పించేరు. ఇన్నేళ్లకి బుద్ధొచ్చింది మీ అన్నయ్యకి."

హైమ నవ్వింది. రేడియో మాట దగ్గర మాత్రం ఏదో కలుక్కుమంది. వాళ్ల నాన్న రేడియోలు బాగుచేసి ఇద్దర్నీ చదివించాడు. ఆయన చేతి ముద్ర ఉన్న వస్తువు అదొక్కటే మిగిలింది. అయినా ఎర్రయ్య గీతల మీదే ధ్యాస ఉండడంతో, చెయ్యి కడుక్కుని మేడకి పరుగెత్తింది.

*

ఎర్రయ్య గీత తెర మీద చదునుగా, పచ్చగా ఉంది. వెయ్యిసార్లు చూసినా అంతే. విసుగెత్తి హైమ ఇంకోలా చూసింది. యంత్రం సున్నాని తీసివేయకముందు, గొంతులోంచి వచ్చింది వచ్చినట్టుగా గీత ఎలా ఉందో తెరిచింది.

కొండల వరస. పొద్దుట లేచింది మొదలు మాట పైకి రావడం, అణిచేయడం, మళ్లీ రావడం, మళ్లీ అణిచేయడం. ఆ మనిషి రోజంతా చేసిన పని అదే.

మరి ఇన్ని కొండల్ని యంత్రం ఎలా చదును చేసింది? అంత పెద్దది ఏదో తీసివేస్తే తప్ప చదును కాదు. తీసివేసేది సున్నాని. అన్నయ్యే కొలిచి పెట్టాడు కదా అని హైమ ఇన్నాళ్లలో సున్నాని తెరిచి చూడనే లేదు. తూకంలో వచ్చిన తేడాకి సరుకుని అనుమానిస్తాం, తక్కెడని అనుమానిస్తాం, అవతలి పళ్లెంలో రాయిని చేతిలోకి తీసుకుని ఎవరు చూస్తారు?

తెరిచింది. అన్నయ్య వర్షాకాలం తెర మీద పరుచుకుంది. కొండ మీద కొండ.

ముందు నమ్మలేదు. తన గీత ఎవరైనా చూసుకోవచ్చని మొదటిరోజే అరిచి చెప్పిన దేముడి గీతని పక్కనే పెట్టి చూసింది. దేముడు ఏడుపొస్తే జెట్టీ మీదే ఏడుస్తాడు, కోపమొస్తే సముద్రాన్ని కూడా తిడతాడు. అతని గీత దాదాపు చదునుగా ఉంది. మింగడానికి ఏదైనా మిగిల్చితే కదా. దేముడి గీతని సున్నాగా పెట్టి చూస్తే ఎర్రయ్య దీపం ఎర్రగా మారింది, నెలన్నర కిందటి నుంచీ ఎరుపే. తన అన్నయ్య దీపం ఎన్నడూ పచ్చగా లేదు.

పొద్దుటి టీ వేళల గీతలు ఒక్కొక్కటే తెరుచుకుంటూ వచ్చింది. ఈ ఏడు మొదటినుంచీ పెరుగుతూనే ఉన్నాయి. ఎర్రయ్య ఆసుపత్రి పాలైన రోజున తెర పట్టనంత ఎత్తు. ఆ తర్వాత, నాలుగు రోజుల కిందట, హఠాత్తుగా చదును. నిన్న చదును. ఇవాళ చదును.

తాళంచెవులు, బీరువా, గ్యాసు, రేడియో.

హైమ లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడిపోయింది. ఫోను తీసి అన్నయ్యకి కొట్టింది. మోగింది గానీ ఎత్తలేదు. మెట్లు దిగుతూనే దేముడికి కొట్టింది.

"సింహాద్రి బాబా? మన బోటు మీదే ఉన్నాడమ్మా, మిసన్లు ఇప్పుతున్నాడు. మమ్మల్నందర్నీ టీ తాగి రమ్మన్నాడు, ఇక్కడే బడ్డీ కాడ…"

"టీ అక్కడ పెట్టేసి వెనక్కి పరుగెత్తు దేముడూ! బోటు దగ్గర నిలబడు. నేనొచ్చేదాకా కదలకు, అన్నయ్యని కదలనివ్వకు."

ఎందుకని దేముడు అడగలేదు. బెంచీ పడిపోయిన చప్పుడు మాత్రం ఫోనులో వినపడింది.

*

మరమ్మతుకని బోటుని ఒడ్డు మీదకి లాగి, కర్రలు ఆనించి నిలబెట్టారు. రంగు సగం వేసి ఆపేశారు. కింద దేముడు రొప్పుతూ నిలబడి ఉన్నాడు. హైమ నిచ్చెన పట్టుకుని ఎక్కింది. చీర కుచ్చెళ్లు మేకుకి తగిలి చిరిగినా ఆగలేదు.

సింహాద్రి సరంగు గదిలో కింద కూర్చుని, విప్పిన తీగల్ని చక్కగా చుట్టి, ఒక్కొక్కదానికీ ముడి వేస్తున్నాడు.

"ఏటే, ఇలాగొచ్చేవు? ఎవరైనా తరుముతున్నారా?"

హైమ అతని ఎదురుగా, గడపకి అడ్డంగా కూర్చుంది. ఊపిరి అందడం లేదు. దారిలో ఒక భయం పట్టుకుంది: అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని. అలా ఏమీ కాదనీ, అడగడం వల్ల ఎవరూ చావరనీ, నీళ్లు నమలకుండా సూటిగా అడగమనీ డాక్టరమ్మ పట్టీ కట్టిన ప్రతి బోటు దగ్గరా చెప్పింది. ఇంతమందికి ఆ మాట చెప్పించిన తను, ఇప్పుడు నోరు పెగలక తడుముకుంటోంది.

"అన్నయ్యా, చచ్చిపోదామనుకుంటున్నావా?"

సింహాద్రి చేతిలో ఉన్న ముడి బిగించాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు హైమకి పుట్టినప్పటినుంచీ తెలుసు.

"నేను పోతే నీ సాంబారుకి వంక పెట్టేవాడెవడే?"

చిన్నప్పటినుంచీ అన్నయ్య మాటకి ఆమె నవ్వకుండా ఉన్నది లేదు. ఇప్పుడు నవ్వలేదు. అతను ఇంకో జోకు వేశాడు, దానికీ నవ్వలేదు. సముద్రం మీంచి గాలి వచ్చి చుట్టిన తీగని కొంచెం విప్పింది. సింహాద్రి దాన్ని మళ్లీ చుట్టబోయాడు.

ఏ చెల్లెలూ అన్నగారిని పేరు పెట్టి పిలవదు. హైమ పిలిచింది. జెట్టీ మీద దేముడు పిలిచినట్టే, కడుపులోంచి, రేవంతా వినపడేలా పిలిచింది.

"పొట్నూరు సింహాద్రీ!"

పట్టీల పని మీద ఎక్కినప్పుడల్లా ఆ బోటు మీద ఆ పిలుపుకి పలకడం అతనికి ఎన్నేళ్లుగానో అలవాటు. నోరు దానంతటదే తెరుచుకుంది. "ఓయ్" రాలేదు. గొంతు ముడి పైకి లేచింది, దిగింది. పట్టీ లేకుండానే హైమకి కనిపించింది.

"ఇప్పుడు మింగేవు చూడు, అది చెప్పు. నీ సున్నా తెరిచి చూసి వస్తున్నాను."

సింహాద్రి మొహంలో నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. దాని వెనకాల ఉన్న మనిషిని హైమ మొదటిసారి చూసింది. చాలా అలిసిపోయి ఉన్నాడు.

"ఆఁ" అన్నాడు. "అనుకుంటున్నాను. ఈ వారమే అనుకున్నాను."

హైమ గడప మీంచి లేవలేదు.

"చెప్పు. వింటున్నాను."

"చెప్పడానికేం ఉందే? అదే నా సిగ్గు. ఎర్రయ్యకి కారణం ఉంది, బోటులో వాటా పోయింది, కూతురు మాట్లాడటం మానేసింది. నాకేం లోటు? రత్నం బంగారం. నువ్వున్నావు. అయినా పొద్దున లేస్తే ఛాతీ మీద ఎవరో కూచున్నట్టుంటుంది. అన్నం మట్టిలా ఉంటుంది. జోకేస్తాను, అందరూ నవ్వుతారు, వాళ్లు నవ్వేంతసేపూ నన్నెవరూ చూడరు. మూడేళ్లయింది. ఆ మిషన్ ఎందుకు చేశాననుకున్నావు? నేను చెప్పలేను, అదైనా చెప్తుందని. నువ్వు నన్నే సున్నా అన్నావు." ఈసారి నవ్వబోయి నవ్వలేకపోయాడు. "ఆ రోజు వద్దని చెప్పొచ్చు. ఎందుకని అడుగుతారు కదా అని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం ఎర్రయ్య ప్రాణం మీదకి తెచ్చింది."

"ఎర్రయ్య బతికేడు" అంది హైమ. "నువ్వూ బతుకుతావు. నాకు కారణం అక్కర్లేదన్నయ్యా. కారణం లేకుండా జ్వరం రాదా? వస్తే డాక్టరు దగ్గరికెళ్లమా? ఇప్పుడే వెళుతున్నాం. ముందు వదినకి చెప్తాను, నీ ఎదురుగానే."

"రత్నానికొద్దే…"

"చెప్తాను. తిట్టుకో, నాతో మాట్లాడకు, ఏమైనా చేసుకో. చెప్తాను."

నిచ్చెన చప్పుడైంది. దేముడు తల పైకి పెట్టాడు. కన్నీళ్లూ చీమిడీ కలిసి కారిపోతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాసే లేదు.

"పలకనేదేటి బాబూ? అమ్మ పిలిసింది, నువ్వు పలకనేదు. నువ్వు పలికీదాకా నా బోటు ఒడ్డుకి రానట్టే!"

"బోటు ఒడ్డునే ఉంది కదరా" అన్నాడు సింహాద్రి.

"ఉంటే ఉన్నాది! పలుకు!"

సింహాద్రి రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, చాలా సన్నగా "ఓయ్" అన్నాడు. ఆ తర్వాత భుజాలు కదిలేలా ఏడ్చాడు. హైమ తీగలు పక్కకి తోసి అతని పక్కకి జరిగింది. ఊరుకో అనలేదు. ఆ మాట అతనికి చిన్నప్పటినుంచీ చాలామంది చెప్పారు.

*

హైమ ఫోనులో సంగతి చెప్పీ చెప్పకముందే నూకరత్నం ఆటో ఎక్కేసింది. ఆటో దిగి, ఆసుపత్రి వరండాలో భర్తని చూసి, ముందు చెయ్యెత్తి భుజం మీద ఒక్కటి వేసింది. "నాకు గ్యాస్ బుక్ చెయ్యడం నేర్పిస్తారా? ఇందుకా నేర్పించేరు?" అంది. తర్వాత అతని చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి తీసుకెళ్లింది. బయటికి వచ్చేదాకా వదల్లేదు. కొన్నాళ్లపాటు వదినా ఆడపడుచులిద్దరూ వంతులు వేసుకుని అతణ్ణి ఒంటరిగా ఉండనివ్వలేదు. రేడియోని పక్కింటి మాస్టారే తెచ్చి ఇచ్చాడు.

మందులు వేసుకున్నంత మాత్రాన మబ్బు విడిపోలేదు. మొదటి వారాల్లో సింహాద్రి ఎక్కువ నిద్రపోయాడు, కొన్ని రోజులు విసుక్కున్నాడు, ఒక రోజు మాత్రలు పారేస్తానన్నాడు. జోకులు ఆగిపోయాయి. ఇల్లు బావురుమన్నట్టు ఉండేది హైమకి. అయినా అడిగితే ఇప్పుడు "బాగాలేదు" అంటున్నాడు. ఆ మాట వినడానికే ఆమె రోజూ వెళ్లేది.

ఒక సాయంత్రం అతనే ఎత్తాడు. "నా సున్నా తీసేశావా?"

"ఆ రోజే తీసేశాను. ఎవర్ని పెట్టమంటావు? దేముణ్ణి పెడదామా?"

"ఎవర్నీ వద్దు. ఎవడి గీతని వాడి పాత గీతతోనే చూడు. ఇంకోడి సుఖంతో కొలవడమే మనం చేసిన తప్పు."

"అలాగైతే ఒక్కొక్కణ్ణీ తెలుసుకోవడానికి మిషన్‌కి నెలలు పడుతుంది."

"పట్టనీ. ఆ నెలల్లో మనుషులే అడగాలి. అడగడం నేర్పుదాం." తర్వాత, "ఎర్రయ్యకి నేను చెప్పాలే. నువ్వు చెప్పకు" అన్నాడు.

వేట మళ్లీ మొదలయ్యే రోజున రేవంతా పసుపూ కుంకుమా కొబ్బరికాయలూ. దేముడి బోటు ముందు కళాసీలందరినీ కూర్చోబెట్టి, సింహాద్రి నిలబడ్డాడు. బక్కచిక్కాడు. మొదటి మాట కోసం అతను తడుముకుంటుంటే, హైమ జెట్టీ చివర గుడ్డపీలిక మెలిపెడుతూ నిలబడింది.

"మిషన్ తప్పు కాదు, నా తప్పు" అన్నాడు. "నేను బాగున్నానని మీరందరూ అనుకున్నారు. కాదని నేను చెప్పలేదు. చచ్చిపోదామనుకున్నాను. ఇప్పుడు మందులు వాడుతున్నాను. రోజూ బాగుండదు. మీలో ఎవరికైనా ఇలా ఉంటే, నన్ను చూసి సిగ్గుపడ్డం మానేయండి."

ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒక పెద్దవయసు కళాసీ తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దేముడు సంగతి చెప్పనక్కర్లేదు, కొబ్బరికాయ పట్టుకుని భోరుమన్నాడు. సరంగు గది గోడ మీద మనసు బాగాలేనివాళ్లు మాట్లాడుకోడానికి ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ ఫోను నంబరు, 14416, పెద్ద అంకెలతో రంగు వేయించింది దేముడే.

సింహాద్రి పట్టీ తీసి మెడకి కట్టుకున్నాడు. సున్నా కోసం కాదు, తన కోసం.

"నా పిలుపుమనిషి ఎర్రయ్య. ఒప్పుకుంటేనే" అన్నాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఎర్రయ్య నలుగురిలోకి రావడం అదే మొదలు. లేచి, లుంగీ దులుపుకుని, ముందుకొచ్చాడు. 

"నా మీదేటి నమ్మకం బాబూ నీకు? నానే మునిగిపోయినోణ్ణి."

"అందుకే."

ఎర్రయ్య తన పట్టీ కూడా కట్టుకున్నాడు. "అయితే నాది నువ్వు" అన్నాడు.

*

శీతాకాలం వచ్చింది. మేడ మీద తెర నిండా దీపాలు. ఏది ఎవరిదో హైమకి తెలియదు, తెలుసుకోదు. ఒక్కటి మాత్రం తెలుసు. పాత సున్నా ఉండే ఎడమ మూలన తన దీపం పెట్టించుకుని, "ఇది నేనే, నువ్వు చూడొచ్చు" అని సింహాద్రే చెప్పాడు.

ఒక రోజు పొద్దున్నే, టీ గ్లాసు పట్టుకుని వచ్చి చూస్తే, ఆ మూల పసుపుగా ఉంది.

టీ ఒలికిపోయింది. ఫోను తీసి అన్నయ్యకి కొట్టింది.  చెప్పులు వేసుకుంటూ, ఫోను చెవికి ఆనించుకుని, మెట్ల వైపు ఉరికింది.

"మీరు ప్రయత్నిస్తున్న వ్యక్తి మరొక కాల్‌లో ఉన్నారు" అంది ఫోనులో గొంతు.

హైమ మెట్ల మీద ఆగిపోయింది. అన్నయ్య పిలుపుమనిషి ఎర్రయ్యకి కొట్టింది. అక్కడా అదే గొంతు, అదే మాట.

అక్కడే మెట్టు మీద కూర్చుంది. కింద ఐస్ దిమ్మెలు లారీలోకి ఎక్కిస్తున్నారు, ఎవరో ఎవరినో తిడుతున్నారు. కాసేపటికి మళ్లీ అన్నయ్యకి కొట్టింది. మరొక కాల్‌లోనే ఉన్నాడు. ఇంకాసేపటికి మళ్లీ కొట్టింది. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.